డెవన్ పల్లెల్లో చర్చి గంటల పోటీలు: ఇవి ఎప్పటి నుంచి ఉన్నాయి, ఏం చూసి గెలిపిస్తారు?

వలసపక్షి_గుంటూరు:

అందరికీ నమస్తే. మేం ఇంగ్లండులో డెవన్ కౌంటీలో, ఎక్సెటర్ దగ్గర ఒక పల్లెలో అద్దెకుంటున్నాం. ఆదివారం పొద్దున చర్చి గంటలు మోగడం అలవాటైపోయింది, దాంతో ఇబ్బందేం లేదు. కానీ మొన్న శనివారం భోజనాల వేళ మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపితే ఒట్టు. పావుగంట మోగడం, ఆగడం, మళ్ళీ అదే వరస. ఏదన్నా పెళ్ళేమోనని వెళ్ళి చూస్తే చర్చి ఆవరణలో సమాధుల పక్కనే గడ్డి మీద కుర్చీలేసుకుని చాలామంది టీ తాగుతూ కేకులు తింటూ కూర్చున్నారు, గంటలు మోగుతున్నంతసేపూ ఎవరూ నోరు మెదపట్లేదు, ఆగగానే ఒకటే గుసగుసలు. అడిగితే "కాంపిటీషన్" అన్నారు. జడ్జీలు ఎక్కడంటే రోడ్డవతల ఒకరింట్లో కూర్చున్నారట, పోటీ అయ్యేదాకా బయటికి రాకూడదట!

నా చెవికి అన్ని జట్లూ ఒకేలా మోగించాయి. పాట లేదు, రాగం లేదు. మరి ఎవరు గెలిచారో ఎలా చెప్తారు? అసలు దేవుడి గుళ్ళో గంట కొట్టడానికి పోటీ పెట్టాలని ఎవరికి పుట్టింది ఈ బుద్ధి? ఇది డెవన్‌లోనేనా, ఇంగ్లండంతా ఉందా? చరిత్ర తెలిసినవాళ్ళు ఉంటే కాస్త వివరంగా రాయండి, మా ఆయన, నేను దీని మీద రెండ్రోజులుగా వాదించుకుంటున్నాం.

చరిత్రపిచ్చోడు:

దీని మీద నాకు మామూలు పిచ్చి కాదు, కాబట్టి పెద్ద సమాధానం, ఓపిక చేసుకోండి.

ముందు గంట ఎలా కట్టారో తెలియకపోతే పోటీ అర్థం కాదు. మన ఊళ్ళో చర్చి గంటకు తాడు కట్టి లాగితే అది అటూ ఇటూ ఊగుతుంది, నాలుక ఎప్పుడు తగిలితే అప్పుడు మోగుతుంది. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో గంటను నిలువెత్తు చెక్క చక్రానికి బిగించడం మొదలుపెట్టారు. మోగించే ముందు గంట నోరు ఆకాశం వైపు పెట్టి నిలబడి ఉంటుంది. తాడు లాగితే ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ నోరు పైకే వచ్చి ఆగుతుంది, ఒక్క చుట్టుకు ఒక్క దెబ్బ. అలా పైన నిలబెట్టిన గంటను క్షణంలో పదో వంతు ఆపొచ్చు, లేదా కాస్త ముందే దించొచ్చు. అంటే ఎప్పుడు మోగాలనేది గంట ఇష్టం కాకుండా మనిషి చేతిలోకి వచ్చింది.

అయితే ఒక్కో గంట వందల కిలోల బరువుంటుంది, కాబట్టి దాంతో పాట వాయించడం కుదరదు. మహా అయితే వరసలో ఒక స్థానం ముందుకో వెనక్కో జరపొచ్చు. ఈ ఇబ్బందిలోంచే ఆట పుట్టింది: ఉన్న గంటలను ఎన్ని వరసల్లో మోగించగలం? అయిదు గంటలకు 120 వరసలు, ఆరుకు 720, ఏడుకు 5,040. ఫేబియన్ స్టెడ్‌మన్ అనే ప్రింటరు 1668లో ఒకటి, 1677లో ఇంకొకటి, ఈ విద్య మీద పుస్తకాలే వేశాడు. లండన్‌లో కాలేజ్ యూత్స్ అనే సంఘం తాను 1637లో పుట్టానని చెప్పుకుంటుంది, ఇప్పటికీ ఉంది. 1715 మే 2న నారిచ్‌లో సెయింట్ పీటర్ మాంక్రాఫ్ట్ చర్చిలో 5,040 వరసలూ ఒక్కటి కూడా రిపీట్ కాకుండా మొదటిసారి మోగించారు, మూడు గంటల పైచిలుకు పని అది. మూడు గంటలపాటు కాగితం చూడకుండా, ఒక్కరు కూడా తాడు వదలకుండా.

ఇక పోటీలు. 18వ శతాబ్దానికి డెవన్, కార్న్‌వాల్, ఈస్ట్ ఆంగ్లియా పల్లెల్లో ఇది పక్కా మగాళ్ళ ఆట. రైతు కూలీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, వడ్రంగులు, కమ్మరులు. పాదిరిగారికీ దానికీ పెద్దగా సంబంధం లేదు. ఆదివారం గంటలు మోగించేసి, లోపల ప్రార్థన మొదలయ్యే వేళకు ఎదురుగా ఉన్న పబ్బులో తేలేవాళ్ళు బోలెడుమంది. పోటీ పెట్టించేది కూడా చాలాసార్లు ఆ పబ్బు యజమానే! లోకల్ పేపర్లో ప్రకటన వేయించేవాడు, ఫలానా తేదీన మా ఊళ్ళో గంటల పోటీ, గెలిచిన జట్టుకు టోపీలు. ఆరు గంటలుంటే ఆరు టోపీలు. కాస్త డబ్బున్న పోటీ అయితే బంగారు జరీ అంచు టోపీలు. చేతి తొడుగులు, వెండి కప్పులు, నగదు కూడా ఇచ్చేవాళ్ళు కానీ టోపీదే మోజు. చుట్టుపక్కల నుంచి జట్లు రావాలి, జట్ల వెనక వాళ్ళ ఊళ్ళు రావాలి, వచ్చినవాళ్ళందరికీ దాహం వేయాలి. ఆరు టోపీల పెట్టుబడికి అంతకన్నా మంచి వ్యాపారం లేదు.

ఇందులో నాకు నవ్వొచ్చే విషయం ఒకటుంది. అదే కాలంలో గోపురం లోపల గోడల మీద చెక్క పలకలు తగిలించి, వాటి మీద నియమాలు పద్యాలుగా రాసేవాళ్ళు. టోపీ పెట్టుకుని తాడు పడితే జరిమానా, బూట్లకు గుర్రాన్ని అదిలించే ముళ్ళతో వస్తే జరిమానా, బూతులు తిడితే జరిమానా, గంటను అదుపు తప్పించి తిరగేస్తే మరీ పెద్ద జరిమానా. వసూలైన డబ్బు చాలాచోట్ల బీరుకే పోయేది. అంటే గెలిచిన టోపీ గోపురంలో పెట్టుకోవడానికి లేదన్నమాట. ఆ పలకలు ఇప్పటికీ చాలా చర్చిల్లో ఉన్నాయి, మీ ఊళ్ళో కూడా ఉందేమో అడిగి చూడండి. జట్టు మొత్తానికి సరిపోయేంత పెద్ద మట్టి బీరు జాడీలు, పైన రింగర్ల, అంటే గంటలు మోగించేవాళ్ళ పేర్లు చెక్కినవి, సఫోక్ వైపు కొన్ని మిగిలాయి.

కార్న్‌వాల్‌లో ఎగ్లోస్‌హేల్ అనే ఊరి జట్టు మీద జానపదం ఒకటుంది. అయిదుగురు రింగర్లు, ఎవరు ఏ గంట పడతారో, చెప్పులు కుట్టేవాడెవరో, వడ్రంగి ఎవరో పేరుపేరునా చెప్తూ, చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ వీళ్ళు ఓడించారని సాగుతుంది. రాజుల మీద పాట రావడం మామూలే, శనివారం పోటీలో నెగ్గిన చెప్పులు కుట్టే మనిషి పేరు రెండొందల ఏళ్ళ తర్వాత కూడా జనం పాడుతున్నారంటే ఆ పోటీ ఆ పల్లెలకు ఎంత ముఖ్యమో చూడండి.

ఆ తర్వాత చర్చి మేలుకుంది. దాని సంగతి ఇంకో కామెంట్లో రాస్తాను, ఇప్పుడు ఆఫీసు టైమైంది.

తాడుపట్టినవాడు:

పై అన్న చరిత్ర చెప్తున్నాడు కాబట్టి నేను జడ్జీల సంగతి చెప్తాను. నేను డెవన్‌లోనే ఉంటాను, కొన్నేళ్ళుగా ఒక పల్లె జట్టులో మోగిస్తున్నాను. పుట్టింది ఏలూరు, చిన్నప్పుడు మా చర్చిలో గంట తాడు పట్టుకుని వేలాడినందుకు అయ్యగారి చేత చీవాట్లు తిన్న బాపతు.

మీకు అన్నీ ఒకేలా వినిపించడంలో వింతేం లేదు, ఎందుకంటే నిజంగానే అందరూ మోగించింది ఒకటే. డెవన్‌లో ఆరు గంటలు మోగించే పోటీకి మామూలుగా సిక్స్‌టీ ఆన్ థర్డ్స్ అనే వరస మోగిస్తారు. దీన్ని కాల్ చేంజెస్ పద్ధతి అంటారు: ఒక మనిషి ఏ రెండు గంటలు చోటు మార్చుకోవాలో అరుస్తాడు, ఆ రెండూ మారతాయి, మళ్ళీ అరిచేదాకా అదే వరస మోగుతూ ఉంటుంది. మిగతా ఇంగ్లండులో ఎక్కువగా ఉన్నది మెథడ్ రింగింగ్, అందులో ఎవరూ అరవరు, మొత్తం నమూనా ఎవరికి వాళ్ళు బట్టీ పట్టి ప్రతి వరసకూ మారిపోతుంటారు. మెథడ్ వాళ్ళు మమ్మల్ని చూసి "వీళ్ళది ఈజీ" అంటారు, మేం వాళ్ళ మోగింపు విని చెవులు మూసుకుంటాం. ఈ గిల్లికజ్జాలు ఎప్పటివో.

అందరూ ఒకటే మోగిస్తే పోటీ దేనికంటారా, మోగించడంలో ఖాళీల మీద. ఆరు గంటల ఒక వరస దాదాపు రెండు సెకన్లలో అయిపోతుంది. అంటే గంటకూ గంటకూ మధ్య సెకనులో మూడో వంతు. ఆ మూడో వంతు ప్రతిసారీ అంతే ఉండాలి. ఒక గంట కాస్త ముందు పడి పక్కదాన్ని రాసుకున్నా తప్పే, ఆలస్యమై సందు పడినా తప్పే. జడ్జీలు కాగితం ముందు పెట్టుకుని, చిన్న జారుడుకు అర తప్పు, పెద్దదానికి ఒక తప్పు, ఇలా గీతలు గీసుకుంటూ పోతారు. చివర్లో ఎవరి తప్పులు తక్కువైతే వాళ్ళే గెలిచినట్టు. ఏ జట్టు ఎప్పుడు మోగించాలో చీటీలు తీస్తారు, జడ్జీలకు ఆ వరస తెలియదు, పైకి ఎవరు ఎక్కుతున్నారో కనబడకూడదు. అందుకే రోడ్డవతల ఇల్లు, ఒక్కోసారి కారు, కారవాన్. పాత రోజుల్లో మా ఊరోడనీ, మా బావమరిదనీ చాలా గొడవలయ్యాయి కాబట్టి ఈ కట్టుదిట్టం.

డెవన్ పోటీలో అసలు కష్టం మధ్యలో ఉండదు, మొదట్లోనూ చివర్లోనూ ఉంటుంది. మిగతా చోట్ల చాలా పోటీల్లో గంటలను ముందే నోరు పైకి నిలబెట్టి ఉంచుతారు, అక్కణ్ణుంచి మోగిస్తే చాలు. ఇక్కడ గంటలు కిందికి వేలాడుతున్న దగ్గర్నుంచి లెక్క మొదలు. ఆరుగురూ కలిసి కొంచెం కొంచెంగా ఊపుతూ పైకి తీసుకెళ్ళాలి. కింద ఉన్నప్పుడు ఊపు చిన్నది కాబట్టి గంటలు టకటకటక వెంటవెంటనే మోగుతాయి, పైకి వెళ్ళేకొద్దీ ఊపు పెరిగి నిదానిస్తాయి. అన్నిటికన్నా బరువైనది టెనర్, చిన్నది ట్రెబుల్. అర టన్ను గంటా దానిలో సగం కూడా లేని గంటా ఒకే లెక్కన నిదానించాలి, మధ్యలో వరస చెదరకూడదు. ఒక చేతిలో మిగులు తాడు చుట్టలుగా పట్టుకుని, గంట లేచేకొద్దీ ఒక్కో చుట్టా వదులుతూ, కళ్ళు పక్కవాడి చేతుల మీద, చెవులు పైన. దించేటప్పుడు ఇదంతా తిరగేసి. చివరికి వచ్చేసరికి చేతులు చెమటకు జారుతుంటాయి, తాడు మీదుండే ఉన్ని పట్టు, దాన్ని సాలీ అంటాం, అది కూడా తడిసిపోతుంది. నేను చూసిన పోటీల్లో ఎక్కువ జట్లు ఓడిపోయేది ఈ దించడంలోనే.

వలసపక్షి_గుంటూరు:

అమ్మో. ఇద్దరికీ చాలా థాంక్స్. అంటే ఆ గుసగుసలు తప్పుల లెక్కన్నమాట! చరిత్ర గారూ, చర్చి మేలుకుంది అని ఆపేశారు, అక్కడే టెన్షన్ పెట్టారు. ఇంతకీ ఆపించారా పోటీలు?

చరిత్రపిచ్చోడు:

ఆపించడానికి గట్టిగానే చూశారు. ఆ కథలో పెద్ద పాత్ర ఎలకూమ్ గారిది, హెన్రీ థామస్ ఎలకూమ్. కుర్రతనంలో చాటమ్ డాక్‌యార్డులో మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరు దగ్గర పని చేసి, తర్వాత పాదిరి అయ్యాడు. గ్లోస్టర్‌షైర్‌లోని బిట్టన్‌లో ఉండగా అక్కడి రింగర్ల తాగుడూ రౌడీతనమూ భరించలేక 1821లో ఒక యంత్రం కట్టాడు. గంటలను తిప్పకుండా కిందికి వేలాడదీసి ఉంచి, ఒక్కో గంట కింద ఒక్కో సుత్తి పెట్టి, సుత్తుల తాళ్ళన్నీ కింద ఒకే చట్రంలోకి తెచ్చాడు. ఒక్క మనిషి నిలబడి అన్ని గంటలూ మోగించేయొచ్చు. అంటే ఆరుగురు తాగుబోతులతో పని లేదు. చాలా చర్చిలు దీన్ని పెట్టించుకున్నాయి, ఇప్పటికీ ఎన్నో గోపురాల్లో గోడకు ఆ చట్రం కనిపిస్తుంది, చాలావరకు దుమ్ము పట్టి.

ఆయన 1850లో డెవన్‌కే వచ్చాడు, క్లిస్ట్ సెయింట్ జార్జ్‌కు, అంటే ఎక్సెటర్ పక్కనే. ఊరికే తిట్టి ఊరుకున్న మనిషి కాదు, గోపురాలన్నీ ఎక్కి ఏ చర్చిలో ఎన్ని గంటలు, వాటి మీద ఏం రాసుంది, అన్నీ నమోదు చేశాడు. గంటల మీద ఆయనకున్న ప్రేమలో అనుమానం లేదు, మోగించేవాళ్ళతోనే పేచీ. బహుమతుల పోటీలంటే అస్సలు పడేది కాదు. ఆ కాలంలో ఇంగ్లండంతా ఇదే గాలి: గోపురం శుభ్రం చేయాలి, బీరు పీపాలు బయటికి పంపాలి, రింగర్లు ప్రార్థనకు కూర్చోవాలి, డబ్బు కోసం కాకుండా సేవగా మోగించాలి. 1874లో గిల్డ్ ఆఫ్ డెవన్‌షైర్ రింగర్స్ పుట్టింది ఈ గాలిలోనే. ఒక ప్రాంతం మొత్తానికి అలాంటి సంఘం పెట్టడం అదే మొదలు. వాళ్ళు ప్రోత్సహించింది మెథడ్ రింగింగ్‌ను, పబ్బు బహుమతులను కాదు. 1891లో దేశం మొత్తానికి సెంట్రల్ కౌన్సిల్ వచ్చింది, పెట్టినవాడు ఆర్థర్ హేవుడ్.

కానీ డెవన్ పల్లెల్లో పెద్ద భాగం ఆ మాట విననే లేదు. వాళ్ళ కాల్ చేంజెస్ వాళ్ళవి, వాళ్ళ పోటీలు వాళ్ళవి. 1925లో ఆ జట్లు విడిగా డెవన్ అసోసియేషన్ ఆఫ్ రింగర్స్ అని పెట్టుకున్నాయి. మీ ఊళ్ళో జరిగినలాంటి పోటీలు నడిపేది ఎక్కువగా వీళ్ళే. అంటే ఒకే కౌంటీలో రెండు సంఘాలు, ఒకటి పోటీలను దిద్దాలని పుట్టింది, ఇంకొకటి పోటీల మీదే బతికింది. ఇప్పుడు రెండిట్లోనూ ఉన్నవాళ్ళు బోలెడుమంది, పూర్వంలా ఎడమొహం పెడమొహం ఏం లేదు. టోపీలు పోయి కప్పులూ సర్టిఫికెట్లూ వచ్చాయి, బీరు పీపా పోయి టీ కెటిల్ వచ్చింది. పోటీ అయ్యాక పబ్బుకు వెళ్ళడం మాత్రం ఏ సంస్కర్తా ఆపలేకపోయాడు.

నా మటుకు నాకు అనిపించేది చెప్తాను. డెవన్ మోగింపు ఇవాళ అంత తీరుగా ఉండటానికి కారణం ఆ పనికిమాలిన టోపీలే. సేవగా మోగించేవాడికి అర తప్పు ఎవరు లెక్కేస్తారు? పక్క ఊరివాడు లెక్కేస్తాడు.

సూటిగా_చెప్తా:

చరిత్ర గారూ, అంతా బాగుంది కానీ ఎలకూమ్‌ను మరీ పెద్దమనిషిని చేశారు. నాకైతే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టుంది. ఆ రింగర్లు ఎవరు? వారానికి ఆరు రోజులు ఎండలో వానలో ఇంకొకరి పొలంలో పనిచేసే కూలీలు. వాళ్ళు తమకంటూ కష్టపడి నేర్చుకున్న విద్య ఒకటే. దాని మీద చదువుకున్న దొరగారు వచ్చి మీ పద్ధతి బాగాలేదు, మీ బదులు సుత్తులు పెడతాను అనడం సంస్కరణ ఎలా అవుతుంది? అదే దొరలు గుర్రప్పందేల్లో తాగి తందనాలాడితే ఎవరూ యంత్రం కనిపెట్టలేదు మరి.

ఇంకొకటి. ఈ పాత పోటీలను తలుచుకుని మురిసిపోయేవాళ్ళు ఆ గోపురాల్లో ఆడవాళ్ళు లేరన్న సంగతి మర్చిపోతారు. 1896లో ఆలిస్ వైట్ అనే ఆవిడ పూర్తి పీల్, అంటే ఆగకుండా అయిదు వేల పైచిలుకు వరసలు, మోగించిన మొదటి మహిళ అయ్యేదాకా ఆ చప్పుడంతా మగాళ్ళదే. 1912లో లేడీస్ గిల్డ్ పెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి సంస్కర్తలు మంచోళ్ళు కాదు, పాత రింగర్లూ బంగారాలేం కాదు.

చరిత్రపిచ్చోడు:

ఒప్పుకుంటాను, కూలీల ఆట మీద దొరల పెత్తనం అన్నది నిజమే. కానీ అప్పటి చర్చి కమిటీ వైపు నుంచి కూడా చూడండి. గంటలు, చట్రం, తాళ్ళు అన్నీ ఊరి డబ్బుతో చేయించినవి. తాగి లాగితే గంటను నిలబెట్టే కర్ర విరుగుతుంది, దాన్ని స్టే అంటారు, అది విరిగితే గంట ఆగకుండా తిరుగుతుంది, తాడు మనిషిని పైకి ఎగరేస్తుంది. చేతులు, మెడలు విరిగిన సంఘటనలు ఉన్నాయి. కోపం పూర్తిగా నీతి గురించే కాదు, మరమ్మతు ఖర్చు గురించి కూడా.

సుత్తుల యంత్రం విషయంలో మీరే గెలిచారు. దాని మోత పూర్తి చక్రం తిరిగే గంట ముందు తేలిపోతుంది, కదలని గంటకు ఆ ఊపు రాదు. జనం ఒక తరం తర్వాత మళ్ళీ తాళ్ళకే వచ్చారు.

మెదక్_పోరడు:

అన్నా, మంచి ముచ్చట. మాది మెదక్ దగ్గర. మా చర్చి గోపురం 175 అడుగులు, దేశమంతా వచ్చి చూస్తరు. అంత పెద్దగ కట్టినోళ్ళు ఇంగ్లండోళ్ళే గదా, మరి ఈ గంటల పోటీలు ఇక్కడికెందుకు రాలే?

చరిత్రపిచ్చోడు:

మంచి పాయింట్ పట్టావు తమ్ముడూ. పెద్ద కారణం ఏంటంటే ఈ చక్రాల గంటలు ఇంగ్లండులో ముఖ్యంగా ఆంగ్లికన్, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ళ చర్చిల సంప్రదాయం. మెదక్ చర్చి కట్టించిన పాస్నెట్ గారు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ, 1924లో పూర్తయింది. మెథడిస్టుల ప్రార్థనా మందిరాల్లో ఇంగ్లండులో కూడా ఈ గంటల వరసలు మామూలుగా ఉండవు. వాళ్ళకు అలవాటే లేనిది ఇక్కడికి ఎలా తెస్తారు?

ఆంగ్లికన్లు తెచ్చిన చోట తెచ్చారు. పుణేలో పంచ్ హౌద్ అంటారే, హోలీ నేమ్ చర్చి, దానికి విడిగా గంటల గోపురం కట్టి లఫ్‌బరోలోని టేలర్ కంపెనీ గంటలు ఎనిమిది తెప్పించారు. ముంబయి కొలాబాలో అఫ్ఘాన్ చర్చిలో కూడా టేలర్ వాళ్ళవే ఎనిమిది. కానీ ఎనిమిది గంటలుంటే సరిపోదు, ప్రతి వారం వచ్చి నేర్చుకునే మనుషులుండాలి. పోటీ పెట్టాలంటే ఆ మనుషులు చుట్టూ పది పదిహేను ఊళ్ళలో ఉండాలి. ఇంగ్లండులో అలాంటి గోపురాలు అయిదు వేల పైన ఉన్నాయి, ఏ పల్లెలో ఉన్నా సైకిల్ మీద పోయే దూరంలో ప్రత్యర్థి దొరుకుతాడు. పుణేవాళ్ళు ఎవరితో పోటీ పడతారు చెప్పు?

వలసపక్షి_గుంటూరు:

మా వాదన తేలింది. మా ఆయన డెవన్‌లోనే అన్నారు, నేను దేశమంతా ఉంటాయన్నాను. ఇద్దరం సగం సగం గెలిచినట్టున్నాం కదా?

తాడుపట్టినవాడు:

మీకే రెండు మార్కులు ఎక్కువ పడతాయి. కాల్ చేంజెస్ పోటీలు డెవన్, కార్న్‌వాల్‌ల ప్రత్యేకత, కింది నుంచి లేపి మళ్ళీ దించడం కూడా ప్రధానంగా ఇక్కడే. కానీ స్ట్రైకింగ్ కాంపిటీషన్, అంటే ఇలా దెబ్బల మధ్య ఖాళీలు లెక్కేసే పోటీ, దేశమంతా ఉంది, దాదాపు ప్రతి జిల్లా సంఘమూ ఏటా ఒకటి పెడుతుంది, కాకపోతే మెథడ్ మోగిస్తారు. పన్నెండు గంటలు కలిపి మోగించే జాతీయ పోటీ 1970ల మధ్యలో మొదలైంది, గెలిచినవాళ్ళకు టేలర్ ట్రోఫీ. అందులో బర్మింగ్‌హామ్ జట్టు పేరు వినబడినంతగా ఇంకొకరిది వినబడదు. పిల్లలకు విడిగా జాతీయ పోటీ 2011 నుంచి నడుస్తోంది, దాన్ని రింగింగ్ వరల్డ్ పత్రిక పేరు మీద పెట్టారు, 1911 నుంచి వారం వారం వస్తున్న పత్రిక అది. ఆ పిల్లల పోటీ వీడియోలు చూడండి, పన్నెండేళ్ళ పిల్ల తన బరువుకు పది రెట్లున్న గంటను ఆటబొమ్మలా ఆడిస్తుంటుంది. డెవన్‌లో అయితే కింగ్‌స్టైన్‌టన్, ఎగ్‌బక్లండ్ పేర్లు వింటారు, వాళ్ళు మోగిస్తున్నారంటే బయట టీ కప్పులు కూడా చప్పుడు చేయవు.

మధ్యలో ఒక పెద్ద గండం దాటింది ఇదంతా. 1940 జూన్ నుంచి రెండో ప్రపంచ యుద్ధం వల్ల గంటలు నిషేధం, జర్మన్ సైన్యం దిగితే హెచ్చరికకు మాత్రమే మోగించాలని. 1942 నవంబరు 15న ఈజిప్టులో ఎల్ అలమేన్ యుద్ధం గెలిచినందుకు ఒక్కరోజు మోగించారు, 1943లో నిషేధం ఎత్తేశారు. అన్నేళ్ళు తాళ్ళు ముట్టకపోతే నేర్చుకునే కుర్రాళ్ళెవరు? మొదటి ప్రపంచ యుద్ధంలోనే దాదాపు 1,400 మంది రింగర్లు పోయారు. 2018లో ఆ యుద్ధం ముగిసిన శతాబ్ది సందర్భంగా అంతే మంది కొత్తవాళ్ళకు నేర్పాలని ఒక ఉద్యమం పెట్టారు. మా జట్టులో ఇద్దరు అలా వచ్చినవాళ్ళే.

సూటిగా_చెప్తా:

ఒక డౌట్. ఇప్పుడు రికార్డింగ్ విని ప్రతి దెబ్బా ఎన్ని మిల్లీసెకన్లు తప్పిందో చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది కదా. ఇంకా కాగితం మీద గీతలు గీసే జడ్జీలెందుకు?

తాడుపట్టినవాడు:

ఉంది, ప్రాక్టీసుకు మేం కూడా వాడతాం, మన పరువు తీయడంలో దానికి సాటి లేదు. కానీ జడ్జీ బదులు పెట్టాలంటే పేచీ వస్తుంది. ఉదాహరణకు డెవన్‌లో వరసలు ఆగకుండా గుండ్రంగా ఒకదాని వెంట ఒకటి పోతాయి. మిగతా దేశంలో ఎక్కువమంది రెండు వరసలకు ఒకసారి ఒక దెబ్బ పట్టేంత ఖాళీ వదులుతారు. ఏది సరైనదో ముందే చెప్పకపోతే యంత్రం ఒకరికి అన్యాయం చేస్తుంది. ఆపైన జట్టంతా కలిసి కొంచెం వేగం పెంచితే అది తప్పా, ఒప్పా? చెవి ఉన్న జడ్జీ అది అందంగా ఉందంటాడు, యంత్రం ఆరు తప్పులంటుంది. పైగా ఓడిపోయాక తిట్టుకోవడానికి ఒక మనిషంటూ ఉండాలి కదండీ.

గుంటూరు గారూ, ఈసారి పోటీ జరిగినప్పుడు మొత్తం వినడానికి ప్రయత్నించకండి. ఒక్క టెనర్ మీద చెవి పెట్టండి, అంటే అన్నిటికన్నా లావు గొంతు. దాని తర్వాత వెంటనే ట్రెబుల్ సన్నగా వస్తుంది. ఆ రెండిటి మధ్య సందు ప్రతిసారీ ఒకేలా ఉందా లేదా, అది చూసుకోండి. మంచి జట్టుకూ మామూలు జట్టుకూ తేడా రెండు నిమిషాల్లో దొరికిపోతుంది. ఇంకా ఆసక్తి ఉంటే మీ ఊరి గోపురంలో ప్రాక్టీస్ ఏ వారం రోజు సాయంత్రమో అడిగి నేరుగా పైకి వెళ్ళండి. డబ్బు తీసుకోరు, మతం అడగరు, మనుషులు చాలక అల్లాడుతున్నారు కాబట్టి టీ కూడా వాళ్ళే ఇస్తారు. మెట్లు ఇరుగ్గా మెలికలు తిరిగి ఉంటాయి, చీర కట్టుకుని వెళ్ళొద్దు, చున్నీ కూడా కిందే వదిలేయండి, గాజులూ ఉంగరాలూ తీసేయండి. ముందు నేర్పేవాళ్ళు చెప్పేదాకా ఏ తాడూ ముట్టుకోకండి, నోరు పైకి పెట్టి నిలబడున్న గంట కింద నుంచి చూస్తే తెలియదు.